చేపకో పేరు, పాములన్నీ పురుగే

మా మావయ్య పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. వరి ఉభాల రోజులు, రాత్రంతా ముసురు. ఎప్పటిలాగే నేల మీద చాప పరుచుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున లేచి కడుపులో నొప్పి అన్నాడు. రాత్రి తిన్నది అరగలేదేమో అని అమ్మమ్మ వాము నమిలించింది. ఒంటి మీద గాటు కనపడలేదు. వాపు లేదు, మంట లేదు. కాసేపటికి కనురెప్పలు ఎత్తలేకపోయాడు. నిద్ర చాలలేదనుకున్నారు. మాట ముద్దగా రావడం మొదలయ్యాక ఆటో కోసం పరుగెత్తారు. ఆస్పత్రి గేటు దాకా ఊపిరి నిలవలేదు.

ఇంటికి తెచ్చాక పెద్దవాళ్ళు "పురుగు ముట్టింది" అన్నారు. మా వైపు రాత్రిపూట పాము అన్న మాట నోట రానివ్వరు. పేరు పెట్టి పిలిస్తే వస్తుందని భయం. ఏ పురుగు అని ఆ రోజు ఎవరూ అడగలేదు. అడగాలని నాకూ తెలియలేదు.

ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడు ప్రాజెక్టు ఎంచుకోమన్నప్పుడు నేను తడుముకోకుండా పాములు అన్నాను. మా సార్ కాసేపు నా మొహం చూసి, ఎందుకని అడిగారు. చెప్పాను. అప్పుడాయన రెండు విషయాలు చెప్పారు. ఒకటి, పాములకు 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది, అనుమతి కాగితం లేకుండా బతికున్నదాన్నే కాదు, చచ్చినదాన్ని కూడా ఇంటికి తేకూడదు. దరఖాస్తు పెట్టి ఎదురుచూడాలి. రెండోది, "ఈలోగా సముద్రానికి వెళ్ళు. చేపను లెక్కపెట్టడం వస్తే పామును లెక్కపెట్టడం అదే వస్తుంది."

నాకు అప్పుడు నచ్చలేదు. చేపల మీద నాకు పనేముంది అనుకున్నాను. అయినా వెళ్ళాను. కళింగపట్నం దగ్గర మా పిన్ని వాళ్ళ ఊరు. అక్కడ ఉండి రోజూ తెల్లవారకముందే తీరానికి నడిచేవాణ్ణి. వంశధార సముద్రంలో కలిసే చోటు అది. లైట్‌హౌస్ వెలుగు ఇంకా తిరుగుతుండగానే మొదటి ఫైబర్ పడవలు ఒడ్డుకు వచ్చేసేవి. వలలు దులపడం, గంపలకెత్తడం, వేలం పాట పాడటం అన్నీ గంటన్నరలో అయిపోతాయి. ఆ గంటన్నరే నాకు దొరికే సమయం.

మొదటి నెల నాకేమీ కనపడలేదనే చెప్పాలి. చేపలు కుప్పలుగా ఉన్నాయి, అన్నీ వెండిరంగే. చేతిలో పుస్తకం, వెర్నియర్ కాలిపర్స్, పెన్సిలు. చేప పొడవు కొలవడంలోనే తప్పు చేశాను. ముక్కు కొస నుంచి తోక రెక్క చివరిదాకా కొలిచి రాశాను. తోక చివర ఎప్పుడూ వలలో చిరిగిపోతుంది కాబట్టి ఆ లెక్కకు నిలకడ ఉండదు. ముక్కు కొస నుంచి తోక రెక్క మొదలయ్యే చోటు వరకే కొలవాలి. ఆ నెలంతా రాసినదాన్ని సార్ పక్కన పెట్టించారు.

అక్కడ ఎండుచేపలు ఆరబెట్టే ఒకావిడ ఉండేది. నేను అప్ప అని పిలిచేవాణ్ణి. వారం రోజులు నన్ను చూసి, ఒకరోజు తనే పిలిచింది. "కళ్ళతో సూస్తే ఏటి తెలుస్తాది బాబూ, సేత్తో సూడాల" అంది. ఆవిడ ముందు సావళ్ళ కుప్ప ఉంది. రిబ్బనులా పొడుగ్గా, అద్దంలా మెరుస్తూ, తోక సన్నగా దారమైపోయి ఉంటాయే, అవి. ఒక్కో చేపను తీసి, పొట్ట అంచు మీద బొటనవేలు తోక నుంచి తలవైపు జరిపి, కొన్నింటిని ఇటు, కొన్నింటిని అటు వేస్తోంది. నన్నూ అలాగే జరపమంది. ఒక చేప నున్నగా జారిపోయింది. రెండోది వేలికి గరగరలాడింది, చర్మంలోంచి చిన్న చిన్న ముళ్ళు మొనలు పెట్టినట్టు. మళ్ళీ ఒకసారి చూశాను, మళ్ళీ అంతే. కళ్ళకు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. కాకపోతే రెండోదాని కన్ను కాస్త చిన్నది, అదీ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

రాత్రి పుస్తకం తీసి చూస్తే అక్కడా అదే రాసి ఉంది. నున్నగా జారేది ఒక జాతి, పొట్ట అంచున ముళ్ళు చర్మాన్ని పొడుచుకుని బయటికి వచ్చేది, కన్ను చిన్నగా ఉండేది మరో జాతి. ఆ రెండోదాని శాస్త్రీయ నామం లెప్టురాకాంథస్ సావళ. ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. సావళ. అది మన మాట. పొద్దున అప్ప అన్న మాట.

మర్నాడు సార్‌కు ఫోన్ చేసి చెబితే, "బీఎస్సీలో కానగుర్త ఎన్నిసార్లు బట్టీ పట్టావు?" అన్నారు. నిజమే. రాస్ట్రెల్లిజర్ కానగుర్త అని పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. లాటిన్ అనుకునే రాశాను. ఊరిని బట్టి కానగంతలు, కనగర్తలు, కానగుర్తలు అని మనం అమ్ముకుని కొనుక్కునే చేపే అది. మా అమ్మ పులుసు పెట్టే చేప. దాని పేరు ప్రపంచమంతా ఏ దేశంలో రాసినా తెలుగులోనే రాస్తున్నారు. నాకు ఒళ్ళు జలదరించింది.

ఆ పేరు అక్కడికెలా చేరిందో వెతికితే పాట్రిక్ రస్సెల్ దొరికాడు. ఎడింబరోలో పుట్టిన డాక్టరు. చాలా ఏళ్ళు సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగులకు వైద్యం చేశాడు. 1781లో తమ్ముడు క్లాడ్‌తో కలిసి మన దేశం వచ్చి విశాఖపట్నంలో ఉన్నాడు. అప్పటికి ఈస్టిండియా కంపెనీ వాళ్ళకు ప్రకృతి శాస్త్రవేత్తగా ఉన్న కోనిగ్ 1785లో చనిపోతే ఆ పని రస్సెల్‌కు ఇచ్చారు. 1789లో తిరిగి వెళ్ళిపోయాడు. ఇక్కడ చూసిన పాముల మీద పుస్తకం 1796లో, విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల మీద రెండు సంపుటాల పుస్తకం 1803లో వచ్చాయి. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, విజయనగరం జిల్లా లేదు. శ్రీకాకుళాన్ని తెల్లవాళ్ళు చికాకోల్ అని రాసుకునేవారు.

ఆయన చేసిన పనిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. చేప దొరికితే దానికి లాటిన్ పేరు తగిలించి ఊరుకోలేదు. ఇక్కడివాళ్ళు ఏమంటారో అడిగి, చెవికి ఎలా వినపడితే అలా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బొమ్మ కింద పెట్టాడు. ఆ బొమ్మలు చూసి ఫ్రాన్స్‌లో కూర్చున్న ప్రకృతి శాస్త్రవేత్త కువియే ఆ మాటలనే తీసుకుని జాతుల పేర్లు చేశాడు. కానగుర్త 1816లో, సావళ 1829లో. జాలరి నోటిమాట నేరుగా శాస్త్రంలోకి వెళ్ళింది. ఆ మాట చెప్పిన జాలరి పేరు మాత్రం ఆ పేజీలో లేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

ఆ పుస్తకాల స్కాన్ కాపీలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కొన్ని బొమ్మలు శ్రీకాకుళంలో ప్రింటు తీయించి, తడి తగలకుండా లామినేషన్ చేయించి తీరానికి పట్టుకెళ్ళాను. అప్ప వాటిని తట్ట మీద పరిచి ఒక్కొక్కటి తిప్పింది. చదువు రాదు. బొమ్మ చూసి పేరు చెప్పేది, నేను కింద రస్సెల్ రాసింది చదివేవాణ్ణి. కానగుర్త కలిసింది, సావళ కలిసింది, సొర కలిసింది. పాలబొంత బొమ్మ చూసి "ఇది ఉప్పుటేర్ల కాడ దొరుకుతాది" అంది. మధ్యలో ఇంకో ఇద్దరు ముసలాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఇన్నేళ్ళ కిందటి బొమ్మలని చెబితే వాళ్ళకు పెద్ద ఆశ్చర్యమేమీ కలగలేదు. "సేప మారిపోద్దేటి?" అన్నాడొకాయన.

ఆ తరవాత పని నడక మారింది. రెక్కల్లో ముళ్ళు లెక్కపెట్టడం, మెత్తటి ఈనెలు వేరుగా లెక్కపెట్టడం, పక్కగీత మీద పొలుసులు లెక్కపెట్టడం వచ్చాయి. రెక్కను విప్పి గుండుసూదులతో థర్మోకోల్ మీద బిగించి, బ్రష్షుతో ఫార్మాలిన్ పూస్తే కాసేపటికి విచ్చుకున్నది విచ్చుకున్నట్టే గట్టిపడుతుంది. వెనక టార్చి వెలుగు పెడితే ఒక్కో ఈనె తెలుస్తుంది. కవళ్ళు అనే చేపల పొట్ట కింద రంపంలా తగిలే పలకలు కూడా అప్ప చెయ్యి పట్టుకుని చూపించినవే.

ఒక దెబ్బ తగిలింది, అది చెప్పాలి. నమూనాలు నిలవ చేయడానికి ఒక పాలు ఫార్మాలిన్‌కు తొమ్మిది పాళ్ళు నీళ్ళు కలిపి సీసాల్లో చేపలు వేశాను. పెద్ద చేపలకు పొట్టలో కూడా మందు ఎక్కించాలి, లేదా చిన్న కోత పెట్టాలి. చేపను ఎప్పుడూ తల ఎడమకు ఉండేలా పెట్టి ఫొటో తీస్తారు కాబట్టి ఎడమవైపు చెడకూడదు, కోత కుడివైపే పెట్టాలి. ఇదంతా విన్నాను. కానీ ఆ రోజు పిన్ని కూతురి పెళ్ళిచూపుల హడావుడిలో పడి, కోత పెట్టకుండానే వేసేశాను. పైగా చీటీలు బాల్ పెన్నుతో రాశాను. పది రోజులకు మూత తీస్తే లోపల పొట్టలు కుళ్ళి పగిలిపోయాయి. స్పిరిట్‌లోకి మార్చిన వాటి చీటీల మీద అక్షరాలు కరిగిపోయి కాగితం తెల్లగా ఉంది. ఏ చేప ఏ రోజుదో, ఏ వలలోదో తెలియని నమూనా ఎందుకూ పనికిరాదు. రెండు నెలల కష్టం. ఆ రాత్రి అన్నం తినలేదు. అప్పటి నుంచి చీటీ పెన్సిలుతోనే, గట్టి కాగితం మీదే రాస్తాను, సీసాలో వేసే ముందు ఒకసారి పైకి చదువుతాను.

జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళ కాలం. ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. రెండు రాత్రులు గుడ్ల సంరక్షణ కేంద్రం కాపలావాళ్ళతో ఇసుకలో నడిచాను. తల్లి వెళ్ళిపోయాక మిగిలిన జాడ పట్టుకుని గూడు వెతుకుతారు. జానెడున్నర లోతు తవ్వేసరికి గుడ్లు, బంతుల్లా, వంద దాటి. వాటిని కొద్ది గంటల్లోనే, పక్కకు దొర్లించకుండా, ఏది పైకి ఉందో అది పైకే ఉండేలా బుట్టలో పేర్చి కంచె లోపలి గుంటకు మారుస్తారు. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు పుడతాయి. అక్కడి కుర్రాడు గుంటల మీద కొబ్బరాకు నీడ వేస్తూ ఈ మాట ఎంత మామూలుగా చెప్పాడో. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్ళకు తోటకూర పెడుతూ పెరిగిన జిల్లా మనది. కూర్మనాథుడికి దండం పెట్టినవాళ్ళమే తీరం మీద చచ్చి పడి ఉన్న రిడ్లీని చూసి ముక్కు మూసుకుని పోతాం. తాబేళ్ళ మీద విడిగా రాయాలి. ఇక్కడికి ఆపుతాను.

పాముల అనుమతి కాగితం చేతికి వచ్చేసరికి ప్రాజెక్టు గడువు ముగిసింది. చేపల మీదే నివేదిక ఇచ్చి పాసయ్యాను. ఇప్పుడు ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పాముల పని మాత్రం వదలలేదు, మూడేళ్ళయింది. నేను పాములు పట్టను. పట్టడం నేర్చుకోవాలని కూడా లేదు. నా పని కుబుసాలతో, రోడ్డు మీద బండి కింద పడి చచ్చిన పాములతో. దొరికిన చోటే కొలిచి, లెక్కపెట్టి, ఫొటోలు తీసి, అక్కడే వదిలేస్తాను.

కుబుసం పాము కంటే పొడుగ్గా ఉంటుంది, విడిచేటప్పుడు సాగుతుంది కాబట్టి. అందుకే కుబుసం కొలిచి పాము ఇంత పొడుగని చెప్పకూడదు. కానీ పొలుసుల లెక్క సాగదు. అక్కడే ఉంది రహస్యం. ఎండిపోయి గలగలలాడుతున్న కుబుసాన్ని గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే తడి గుడ్డలా మెత్తబడుతుంది. అది మేజోడు విప్పినట్టు లోపలిది బయటికి తిరిగి ఉంటుంది. జాగ్రత్తగా విప్పి, అద్దం పలక మీద పరిచి, కింద సెల్‌ఫోన్ లైటు పెడతాను. తల దగ్గర రెండు చిన్న గుండ్రటి బిళ్ళలు కనిపిస్తాయి, గాజుపెంకుల్లా. అవి కళ్ళ మీది పొరలు. పాముకు రెప్పలు లేవు, కంటి మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది, అది కూడా కుబుసంతో ఊడి వస్తుంది. మొదటిసారి ఆ బిళ్ళలోంచి లైటు చూసినప్పుడు చాలాసేపు కదలలేకపోయాను.

తరవాత నడిమి ఒంటి దగ్గర పొట్ట పలక అంచు నుంచి అవతలి అంచు దాకా ఐమూలగా వరసలు లెక్కపెట్టాలి. జెర్రిపోతుకు 17. నీరుకట్టుకు 19, పొలుసు మధ్యలో గీత లేచి ఉంటుంది. నాగుపాముకు ఇరవై పైచిలుకు, నున్నగా. రక్తపింజరకు 27 నుంచి 33 దాకా, ప్రతి పొలుసుకూ నడుమ గట్టి గీత. కట్లపాముకు మామూలుగా 15. అంతకంటే ముఖ్యం, దాని వెన్ను మధ్యలో ఒకే వరస పొలుసులు పక్కవాటి కంటే పెద్దగా, ఆరు పలకలుగా, తేనెపట్టు గదుల్లా పేర్చి ఉంటాయి. తోక కింద పలకలు చీలకుండా ఒక్కొక్కటిగా ఉంటాయి. ఈ రెండూ కలిస్తే అది కట్లపామే.

ఈ సంగతి తెలిసి కూడా ఒకసారి తొందరపడ్డాను. విజయనగరం వైపు పూసపాటిరేగ మండలంలో ఒక ఇంట్లో పెరట్లో పాము కనపడిందని ఫోన్లో ఫొటో పంపారు. గోధుమరంగు ఒళ్ళు, తెల్లటి అడ్డపట్టీలు. నేను కట్లపాము అని రాసేశాను. ఆ ఇంట్లో బాలింత ఉంది. వాళ్ళు భయపడి ఆ పామును కొట్టి చంపి, రెండు రోజులు ఇల్లు వదిలి చుట్టాలింట్లో ఉన్నారట. మూడో రోజు సార్‌కు ఆ ఫొటో చూపిస్తే, "పట్టీలు ఎక్కడ మొదలయ్యాయి?" అని ఒక్క ప్రశ్న వేశారు. మెడ దగ్గరే మొదలై, తోకవైపు పోయేకొద్దీ మాసిపోయాయి. కట్లపాముకు తలవైపు లీలగా ఉండి, తోకవైపు స్పష్టమవుతాయి. అది బల్లుల్ని తిని బతికే విషం లేని పాము, తోడేలు పాము అంటారు పుస్తకాల్లో. నేను ఆ ఇంటికి వెళ్ళి తప్పు చెప్పుకున్నాను. వాళ్ళు మంచివాళ్ళు, టీ ఇచ్చారు. ఆ బాలింత అత్తగారు మాత్రం, "రెండూ పురుగులే కదా బాబూ" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. చేపల బొమ్మలతో చేసినట్టే రస్సెల్ పాముల బొమ్మలు పట్టుకుని ఊళ్ళు తిరిగాను. ఆ బొమ్మలు రంగుల్లో ఉంటాయి, చక్కగా ఉంటాయి. కింద పేర్లు చూస్తే గుండె నిండిపోతుంది. రక్తపింజరను ఆయన రాసుకున్న పేరు కాటుక రేకుల పొడ. ఒంటి మీది నల్లంచు మచ్చలను కాటుక దిద్దిన పూరేకులుగా చూసినవాళ్ళు పెట్టిన పేరు అది. ఇవాళ ప్రపంచమంతా ఆ పామును రస్సెల్స్ వైపర్ అంటుంది. కొండచిలువ పెద్ద పొడ. పసుపు పట్టీల కట్లపాము బంగారు పాము, దాని నుంచే కట్లపాముల ప్రజాతికి బుంగారస్ అని పేరొచ్చింది. మన బంగారమే అది. వానపాములా ఉండే గుడ్డిపాము రెండు తలల పాము. జెర్రిపోతు అప్పుడూ జెర్రిపోతే. కట్లపాము ఆ పుస్తకంలో గెడి పరగుడు.

శ్రీకాకుళం జిల్లాలో తొమ్మిది ఊళ్ళు, విజయనగరంలో మూడు. రచ్చబండ దగ్గర, పొలం గట్టు మీద, కార్తీకంలో నాగులచవితి నాడు పుట్ట దగ్గర పాలు పోసి వస్తున్నవాళ్ళను ఆపి అడిగాను. త్రాచు, జెర్రిపోతు, కొండచిలువ, నీరుకట్టు, పసిరిక అందరికీ తెలుసు. కాటుక రేకుల పొడ అన్న మాటను ఒక్కరూ గుర్తుపట్టలేదు. గెడి పరగుడు అంటే ఏ ఊళ్ళోనూ ఎవరూ పలకలేదు. కట్లపాము బొమ్మ చూపించి ఇదేమిటి అంటే సగం మంది పురుగు అన్నారు, కొందరు విషప్పురుగు అన్నారు.

తీరం మీద ప్రతి పేరూ ఎలా నిలిచిందో, ఇక్కడ ఎందుకు పోయిందో అప్పుడు అర్థమైంది. చేప పేరు రోజూ పొద్దున పాటలో గట్టిగా అరవాలి. కానగుర్తను కవళ్ళు అని అమ్మితే గొడవ. పేరు తప్పితే డబ్బు పోతుంది కాబట్టి ఎవరూ తప్పనివ్వరు. పాము పేరు ఎవరూ పైకి అనరు. చీకటి పడ్డాక అసలు అనరు. అనని పేరు ఎన్ని తరాలు ఉంటుంది? రస్సెల్ పాముల పుస్తకం రాసింది కూడా జనం విషమున్నవాటిని లేనివాటి నుంచి వేరుచేసి గుర్తుపట్టాలనే. అందుకోసమే కోరలు చూశాడు, కోళ్ళ మీద, కుక్కల మీద కాట్లు పరీక్షించాడు. ఆ పరీక్షలు చదవడం నాకు కష్టమైంది. కానీ ఆయన అడిగిన ప్రశ్న మా ఇంట్లో ఆ రోజు అడగాల్సిన ప్రశ్నే.

ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారితో ఈ మాట అన్నాను. ఆవిడ చెప్పింది: "పురుగు ముట్టింది అని తీసుకొస్తారండీ. తేలా, జెర్రా, పామా అని తేల్చుకోవడానికే కాసేపు పడుతుంది." మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ కలిపి చేసింది. కాబట్టి పామును చంపి తేనవసరం లేదు, వెతకడానికి పోయి ఇంకో కాటు తినకూడదు. కానీ పాము అన్న మాట ముందు చెప్పాలి. రక్తపింజర అయితే వాపు, నొప్పి, రక్తం గడ్డకట్టకపోవడం ఉంటాయి. గాజు పరీక్షనాళికలో రక్తం 20 నిమిషాలు కదపకుండా పెట్టి చూస్తారు. కట్లపాము అయితే ఏమీ ఉండకపోవచ్చు. గాటు కనపడదు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లారి కడుపునొప్పి అంటూ, రెప్పలు వాలుతున్నాయంటే అదే అయ్యుంటుందని అనుమానించి వెంటనే తీసుకురావాలి. ఆవిడ చెబుతుంటే నేను రాసుకోవడం ఆపేశాను. పదిహేనేళ్ళ కిందటి ఆ తెల్లవారుజాము ఒక్కో మాటగా నా ముందుకొచ్చింది.

ఆ రాత్రే ఇంటికెళ్ళి అమ్మకు, అమ్మమ్మకు చెప్పాను. మావయ్యను కరిచింది కట్లపాము అయ్యుంటుందని, అందుకే వాపు రాలేదని, వాము నమిలించినందుకు ఎవరి తప్పూ లేదని. అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత బొమ్మ చూపించమంది. రస్సెల్ బొమ్మ, నేను తీసిన కుబుసం ఫొటో రెండూ చూపించాను. వెన్ను మీది ఆరు పలకల పొలుసుల మీద వేలు పెట్టి, "ఇయి నెక్కెడితే తెలుస్తాదా?" అని అడిగింది. తెలుస్తుందన్నాను. తనూ లెక్కపెట్టింది, పదకొండు దాకా. ఆ తరవాత కళ్ళు ఆనలేదు.

మొన్న ఆషాఢంలో మళ్ళీ ముసురు పట్టింది. కరెంటు పోయింది. వాకిట్లో రుబ్బురోలు పక్కన ఏదో కదిలిందని పక్కింటి కుర్రాడు టార్చి వేసి, "పురుగు, పురుగు" అని కేకేశాడు. నల్లగా మెరుస్తూ, నడుము నుంచి తోక దాకా సన్నటి తెల్ల పట్టీలతో నెమ్మదిగా గోడవారగా పోతోంది. కర్ర కోసం వెళ్ళబోయినవాణ్ణి అమ్మ ఆపింది. దాన్ని పోనిచ్చాం. కంచె దాటి పొలంలోకి వెళ్ళేదాకా టార్చి పట్టుకుని చూశాం.

లోపలికి వచ్చేసరికి అమ్మమ్మ చాప చుట్టేసి నులకమంచం వాల్చుకుంది. దోమతెర కట్టించి, నాలుగు వైపులా అంచులు పరుపు కిందకి తనే దోపుకుంటోంది. ఏమిటి వచ్చిందీ అని అడిగింది. చీకట్లో నేను కాస్త తటపటాయించాను. అమ్మ వెనక నుంచి గట్టిగా చెప్పింది, "కట్లపాము."